పాత వీణకు పుచ్చు పట్టిందా? మందు కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతులు

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. మీ అమ్మమ్మగారు వాయించిన బొబ్బిలి వీణ, వయసు సుమారు 70 ఏళ్ళు, పదిహేనేళ్ళుగా అటక మీద ఉంది. మొన్న దించి చూస్తే కుండ (వీణకు ఒక చివర ఉండే గుండ్రని గుల్ల భాగం) అంచున గుండుసూది దూరేంత రంధ్రాలు, కింద పరిచిన గుడ్డ మీద గోధుమపిండి లాంటి పొడి కనిపించాయి. ఒకరు కిరసనాయిలు పట్టించమన్నారు. పురుగుమందు కొట్టేవారు సిరంజితో మందు ఎక్కిస్తామన్నారు. మీ మేనమామగారు మాత్రం ఇంట్లోని తలుపులకు పాకకముందే వదిలించుకోమన్నారు. దాన్ని కాపాడుకోవచ్చా, ఎండలో పెడితే పురుగు చస్తుందా, వచ్చే ఏడాది మెల్‌బోర్న్‌లో ఉన్న మీ చెల్లెలికి పంపవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే, కాపాడుకోవచ్చు. ఈలోగా వీణ మీద ఏ ద్రవమూ పోయవద్దు, ఎవరిచేతా పోయించవద్దు. వీణను మిగతా చెక్క సామాను నుంచి వేరుచేసి శుభ్రమైన దుప్పటిలో చుట్టి ఉంచండి. పురుగు బతికి ఉన్నదీ లేనిదీ, ఉంటే వీణలో ఏ భాగంలో ఉన్నదీ రెండు మూడు వారాల్లో తేల్చుకోండి. బతికి ఉందని తేలితే, ప్రాణవాయువు లేని సంచిలో నాలుగు వారాలు మూసి ఉంచడం వీణకు హాని లేకుండా పురుగును చంపే పద్ధతి. మరమ్మతు ఆ తరువాతి మాట. ముప్పై ఏళ్ళుగా వీణలు, తంబురాలు, వయొలిన్లు బాగుచేస్తున్నాను. పురుగు తిని పాడైన వాద్యాల కన్నా, పురుగుకు చేసిన వైద్యం వల్ల పాడైన వాద్యాలే నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చాయి.

ఎందుకు ఇంత నిదానం అంటున్నానో చెబుతాను. పనస దుంగను అడ్డంగా కోస్తే లోపల పసుపుపచ్చని చేవ, దాని చుట్టూ పాలిపోయిన తెల్లచెక్క కనిపిస్తాయి. వీణ చేసేవారికి కావలసింది చేవే. అది చెదకు కూడా తేలికగా లొంగదు. అయితే బొబ్బిలి పద్ధతిలో కుండనూ, తీగలు సాగే పొడవాటి దండినీ ఒకే దుంగలో తొలుస్తారు, అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. దానికి మంచి లావైన దుంగ కావాలి. దుంగ కాస్త సన్నమైతే కుండ అంచున వేలెడు మందాన తెల్లచెక్క మిగిలిపోతుంది. మన ప్రాంతంలో మెత్తని పొడి రాల్చే పురుగుల్లో ముఖ్యమైన లిక్టస్ జాతి పెంకుపురుగు వెతికేది ఆ తెల్లచెక్కలో నిలవ ఉన్న పిండిపదార్థాన్నే. ఆడపురుగు గుడ్డు పెట్టే ముందు చెక్కను కొరికి రుచి చూస్తుంది, పిండి ఉందని తెలిస్తేనే చెక్క రంధ్రాల్లోకి గుడ్డు జారుస్తుంది. పాలిష్ పట్టిన పైభాగంలో ఆ రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. కుండ లోపలి గుల్లకు ఎవరూ పాలిష్ పెట్టరు కాబట్టి, పలక మీది నాద రంధ్రాల గుండా దూరి లోపలి నుంచే పని మొదలుపెడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మీకు కనిపిస్తున్న రంధ్రం పురుగు లోపలికి దూరిన దారి కాదు, బయటికి వచ్చేసిన దారి. గుడ్డులోంచి వచ్చిన తెల్లని లద్దెపురుగు (లార్వా) కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా చెక్క లోపలే తింటూ పెరిగి, పెంకుపురుగుగా మారి, ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రం చేసుకుని వెళ్ళిపోతుంది. కాబట్టి ఆ రంధ్రాల్లోకి సిరంజితో మందు ఎక్కించడమంటే ఖాళీ చేసి వెళ్ళిన ఇంటికి తాళం వేయడమే. ఇంకా తింటున్న లద్దె ఉన్న సొరంగానికి ఇప్పటికి బయటికి ద్వారమే ఉండదు.

ఘుణాక్షర న్యాయం అని మన పెద్దలు అన్నది ఇలాంటి పురుగు గురించే. అది కొయ్యను తొలుస్తూ పోతే ఆ గీతల్లో ఒక్కోసారి అక్షరం ఏర్పడుతుంది, అంతమాత్రాన దానికి అక్షరాలు వచ్చినట్టు కాదు. రంధ్రాలను చూసి వీణ జాతకం చదివేవారికీ ఇది వర్తిస్తుంది. ముప్పై రంధ్రాలున్న వీణలో ఒక్క పురుగు కూడా లేకపోవచ్చు, రెండే రంధ్రాలున్న దానిలో పది లద్దెలు తింటూ ఉండవచ్చు.

చెక్కలోని పిండిపదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. 70 ఏళ్ళ నాటి చెక్క లిక్టస్‌కు అంత రుచించే ఆహారం కాదు. అందువల్ల ఇంత పాత వీణ కింద కొత్తగా పొడి కనిపిస్తోందంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ వీణలో కొత్తది ఏముంది?

కొన్నేళ్ళ క్రితం ఒక కుటుంబం ఇలాగే భయపడి వీణ తెచ్చింది. కుండ అడుగున పొడి, చుట్టూ రంధ్రాలు. నాద రంధ్రం గుండా ఫోనుకు తగిలించే సన్నని కెమెరా దించి చూస్తే, పాత పగులు మీద లోపలివైపు అడ్డంగా అతికించిన నాలుగంగుళాల చెక్కపట్టీ కనిపించింది. ఎవరో వడ్రంగి అంతకు మూడేళ్ళ ముందు చేసిన మరమ్మతు అది. పట్టీ మామిడి చెక్క, అది కూడా తెల్లచెక్క. పట్టీ జల్లెడలా ఉంది, దాన్ని ఆనుకుని ఉన్న పనస చేవకు గీటు కూడా పడలేదు. పట్టీ తీసేసి చేవగల పనస చెక్క పెట్టాను. ఆ వీణకు అంతకుమించి చేయవలసింది లేకపోయింది.

ఇంకొకసారి దోషి సొరకాయ బుర్ర. యాళి ముఖం (దండి చివర చెక్కే సింహంలాంటి తల) వైపు దండి కింద బిగించే ఆ బుర్ర అసలైన సొరకాయ కావచ్చు, కాగితపు గుజ్జుతో చేసినదీ కావచ్చు. గుజ్జు బుర్రలో మైదా జిగురు ఉంటుంది. ఆ బుర్రను తట్టితే మూడు మిల్లీమీటర్లు కూడా లేని ఎర్రగోధుమ రంగు పురుగులు రాలాయి. వాటిని మీరూ చూసే ఉంటారు, పాత ధనియాల డబ్బాలోనూ పసుపు కొమ్ముల్లోనూ పట్టే పురుగులే అవి. వాటికి వీణ అక్కర్లేదు, జిగురు చాలు. బుర్ర మార్చడానికి అరగంట పట్టింది, పురుగు వీణ చేవను తినలేదని ఆ పెద్దాయనకు నచ్చజెప్పడానికి మాత్రం ఒక పూట పట్టింది.

మీ అటక మీద వీణ పక్కన ఏమేమి ఉండేవో కూడా గుర్తు చేసుకోండి. వెదురు చేటలు, బుట్టలు, తడికెలు ఉన్నాయా? వెదురులో పిండిపదార్థం విస్తారంగా ఉంటుంది, లిక్టస్ జాతి పురుగులు దాన్ని ఇష్టంగా తింటాయి. చేట నుంచి రాలిన పొడే వీణ గుడ్డ మీద పడిన సందర్భం నేను చూశాను.

ఇక పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. మెత్తని కుంచెతో వీణనంతా దులపండి. ఊడిపోతున్న పాలిష్ మీద మాత్రం కుంచె ఆనించవద్దు. వేళ్ళతో కుండను చుట్టూ నెమ్మదిగా తట్టండి. రవాణాలో, కదిలింపుల్లో పాత సొరంగాల్లోని పాత పొడి కూడా రాలుతుంది కాబట్టి, ఆ పాతదంతా ముందే రాల్చేయాలి. తరువాత కనిపించే ప్రతి రంధ్రాన్నీ గోటితో కొద్దిగా తేనెమైనం అద్ది మూసేయండి. లెక్క రాసుకోండి, ఫొటోలు తీసుకోండి. వీణను నల్ల కాగితం మీద పెట్టి, మూడు వారాలు కదపకుండా వదిలేయండి. ఆ తరువాత చూసినప్పుడు కాగితం మీద చిన్న చిన్న కుప్పలుగా లేతరంగు పొడి ఉన్నా, మైనం లేని కొత్త రంధ్రం కనిపించినా పురుగు బతికి ఉన్నట్టే. కొత్త రంధ్రం అంచు పదునుగా, లోపలి చెక్క తాజాగా కోసినట్టు ఉంటుంది. పాత రంధ్రం అంచు దుమ్ము పట్టి నల్లబడి ఉంటుంది. నా అనుభవంలో పురుగులు ఎక్కువగా బయటపడేది ఎండలు ముదిరినప్పటి నుంచి తొలకరి దాకా. మీరు చలికాలంలో పరీక్షిస్తున్నట్లయితే మూడు వారాల నిశ్శబ్దాన్ని పూర్తిగా నమ్మవద్దు, వేసవిలో మళ్ళీ ఒకసారి చూడండి.

పొడిని కూడా వేళ్ళ మధ్య నలిపి చూడండి. ముఖానికి రాసుకునే పౌడరులా జారిపోతే లిక్టస్. ఇసుక కలిసినట్టు గరగరలాడితే వేరే జాతి. ఐరోపా నుంచి వచ్చిన పాత వయొలిన్లలో కనిపించేది ఆ రెండో రకం. తాతగారి జర్మన్ వయొలిన్ తల దగ్గర మేపుల్ చెక్కలో మెలికలు తిరిగిన సొరంగాలు చూసి హడలిపోయి ఒకాయన నా దగ్గరికి వచ్చారు. పెట్టె తెరిచిన ప్రతిసారీ పొడి రాలుతోందన్నారు. చల్లని, తేమగల దేశాల పురుగు అది, మన కోస్తా ఎండలకు నిలదొక్కుకోవడం కష్టం. రంధ్రాలు మైనంతో మూసి ఏడాది పాటు గమనిస్తే ఒక్కటి కూడా కొత్తది రాలేదు. ఆ పురుగు బహుశా వయొలిన్ ఓడ ఎక్కకముందే వెళ్ళిపోయి ఉంటుంది.

మీకు ఇచ్చిన సలహాల విషయానికి వస్తాను. కిరసనాయిలు వద్దనడానికి ప్రధాన కారణం మీ వీణ మేళం, అంటే మెట్లను నిలిపే మైనపు కట్టు. 24 మెట్లూ నిలబడి ఉన్నది తేనెమైనంలో నల్లపొడి కలిపి పోసిన దిమ్మ మీద. కిరసనాయిలు మైనాన్ని కరిగిస్తుంది. ఒక ఇంట్లో దండి రంధ్రాల్లో దూదితో కిరసనాయిలు పట్టించి వారం తరువాత శ్రుతి చేయబోతే పై స్థాయి మెట్లు పక్కకు ఒరిగిపోయాయి. మేళం మొత్తం కొత్తగా కట్టవలసి వచ్చింది. వాసన మాత్రం రెండేళ్ళు వదలలేదు. ఇంత చేసినా చెక్క లోతున ఉన్న లద్దెకు ఆ నూనె అందదు.

నీళ్ళలో కలిపే చెదమందులు పాలిష్ మీద పడితే లక్క తెల్లబారుతుంది, చెక్క ఉబ్బి అతుకులు వదులుతాయి. పైగా వీణ ఒడిలో పెట్టుకుని, బుర్రను తొడ మీద ఆనించుకుని, గంటల తరబడి చేతులు ఆనించి వాయించే వస్తువు. గుమ్మానికి వాడే విషాన్ని దానికి పట్టించడం నాకు సమ్మతం కాదు. వేపనూనె ఆరదు, జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టి నాదాన్ని మందగింపజేస్తుంది. కర్పూరం, కలరా ఉండలు వయసొచ్చిన పురుగును కొంత దూరం పెట్టగలవేమో గానీ లోపలి లద్దెను చంపవు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ధాన్యం గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. ప్లాస్టిక్ సంచిలో వీణతో పాటు రెండు బిళ్ళలు వేసి కట్టేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారు ఉన్నారు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పురుగుతో పాటు మనుషులనూ చంపుతుంది, దానికి విరుగుడు మందు లేదు. వీణ పరంగా చూసినా అది రాగిని, రాగి కలిసిన లోహాలను తినేస్తుంది. అంటే మీ ఇత్తడి తీగలు, కంచు మెట్లు నల్లబడతాయి.

ఎండలో పెట్టడం గురించి కూడా అడిగారు. చెక్క నడిబొడ్డు దాకా సుమారు 55 డిగ్రీల వేడి చేరి కొంతసేపు నిలిస్తే పురుగు చస్తుంది, అది నిజమే. కాని తేనెమైనం 62, 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. చెక్క లోపల 55 రావాలంటే పైన అంతకన్నా ఎక్కువ ఉండాలి. మేళం జారుతుంది, లక్క అంటుకుపోతుంది, తేమ ఒక్కసారిగా ఆవిరై కుండ పగులుతుంది. శీతలీకరణ అయితే మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. నాలుగడుగుల వీణ పట్టే ఫ్రీజరు ఇంట్లో ఉండదు, ఉన్నా మైనం పెళుసై విరుగుతుంది. విడిగా తీయగలిగిన బిరడలకు (తీగలు బిగించే మేకులు), గుర్రానికి (తీగలను మోసే దిమ్మ) మాత్రం ఈ పద్ధతి నేను వాడతాను.

మిగిలింది ప్రాణవాయువు లేని సంచి. ప్రదర్శనశాలల్లో పాత కొయ్య బొమ్మలకు, వాద్యాలకు వాడే పద్ధతే ఇది. సంచిలోని ప్రాణవాయువును నూటికి ఒక వంతు కన్నా బాగా కిందికి, వీలైతే 0.1 శాతానికి దించి నాలుగు వారాలు అలాగే ఉంచితే గుడ్డు, లద్దె, ప్యూపా, పెంకుపురుగు అన్నీ చస్తాయి. వీణలోకి ఏ రసాయనమూ వెళ్ళదు. గది వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే పని బాగా జరుగుతుంది, కాబట్టి మన ఊళ్ళలో హీటరు అక్కర్లేదు.

మామూలు పాలిథిన్ పనికిరాదు, దాని గుండా గాలి మెల్లగా చొరబడుతుంది. అల్యూమినియం పొర కలిసిన ప్యాకింగు షీటు కావాలి. దానితో పాటు ఆహార పదార్థాల ప్యాకెట్లలో వేసే ఇనుప పొడి పొట్లాలు తెచ్చుకోవాలి. లెక్క తేలికే: గాలిలో ప్రాణవాయువు 21 శాతం. వీణను చుట్టిన సంచిలో 100 లీటర్ల గాలి ఉంటే అందులో 21 లీటర్లు ప్రాణవాయువు. వెయ్యి మిల్లీలీటర్లు పీల్చే పొట్లాలైతే 21 కావాలి. అతుకుల్లో చొరబడే గాలినీ, చెక్కలో దాగిన గాలినీ కలుపుకుని నేను 30 వేస్తాను.

చేసే తీరు ఇలా ఉంటుంది. తీగలను సగం వదులు చేయండి, పూర్తిగా కాదు. యాళి కొమ్ములకు, బిరడలకు, గుర్రానికి పాత నూలు చీర మెత్తగా చుట్టండి, లేకపోతే షీటు చిరుగుతుంది. మెట్ల మీద బరువు పడకుండా రెండు వైపులా నురగ దిమ్మలు పెట్టండి. షీటును మడిచి మూడు వైపులా ఇస్త్రీపెట్టె అంచుతో అతికించండి. నాలుగో వైపు నుంచి వాక్యూమ్ క్లీనరుతో గాలిని కొద్దిగా లాగండి. సంచి ఒంటికి దగ్గరైతే చాలు, బిగుసుకుపోకూడదు. పొట్లాలు విప్పిన క్షణం నుంచే పని మొదలుపెడతాయి, వెచ్చబడతాయి కూడా. అందుకని వాటిని పాలిష్‌కు తగలకుండా గుడ్డ సంచిలో వేసి, అరగంటలోపు నాలుగో వైపు మూసేయాలి. షీటులో చిన్న పారదర్శకమైన కిటికీ ఉంచుకుని, దాని వెనుక ప్రాణవాయువు సూచిక బిళ్ళ పెడితే మంచిది. అది గులాబీ రంగులో ఉంటే 0.1 శాతం లోపు ఉన్నట్టు, నీలం రంగులోకి తిరిగితే ఎక్కడో గాలి దూరుతున్నట్టు. నాలుగు వారాల లెక్క సంచి మూసిన రోజు నుంచి కాదు, బిళ్ళ గులాబీ రంగుకు వచ్చిన రోజు నుంచి. నేను మొదటిసారి చేసినప్పుడు ఈ బిళ్ళ పెట్టలేదు. సంచి మూలన సూదిమొనంత చిల్లు నెల రోజుల శ్రమను వృథా చేసింది.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. ఇది ఉన్న పురుగును చంపుతుందే గాని రేపు రాబోయే దాన్ని ఆపదు. అందుకే వీణ తిరిగి అటక ఎక్కకూడదు. వెదురు సామానుకు దూరంగా, గాలి ఆడే గదిలో, గవిసెన తొడిగి ఉంచండి.

శ్రుతి చేసేముందు బలం పరీక్షించాలి. ఏడు తీగల లాగుడు పడేది బిరడల చోట, దండి కుండలో కలిసే మెడ దగ్గర, గుర్రం కూర్చునే పలక మీద. ఆ మూడు చోట్ల రూపాయి బిళ్ళ అంచుతో తట్టి వినండి. చేవ ఉన్న చోట ఖంగుమంటుంది, గుల్లబారిన చోట అట్టపెట్టెను తట్టినట్టు ఉంటుంది. అటువంటి శబ్దం మెడ దగ్గర వినిపిస్తే తీగ బిగించకుండా పని తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్ళండి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేస్తున్నవారు ఉన్నారు, చెడిన మేరకు చెక్కి పనస చేవతో పూడ్చగలరు. కుండ అంచున నాలుగు రంధ్రాలే అయితే మీరే రంగు కలిపిన మైనంతో మూసుకోవచ్చు. చెక్కపొడి, జిగురు కలిపి గట్టిగా పూడ్చవద్దు. మైనమైతే తరువాత కొత్త రంధ్రం పడినప్పుడు వెంటనే తేడా తెలుస్తుంది, అవసరమైతే తీసేయవచ్చు.

మెల్‌బోర్న్ సంగతి. ఆస్ట్రేలియా సరిహద్దుల్లో చెక్క వస్తువులను పురుగుల కోసం జాగ్రత్తగా చూస్తారు. బతికి ఉన్న పురుగు కనిపిస్తే ఖర్చు మీ మీదే వేసి విషవాయువుతో శుద్ధి చేయమనవచ్చు, తిప్పి పంపమనవచ్చు, ధ్వంసం కూడా చేయవచ్చు. పాత రంధ్రాలు, పాత పొడి చూసినా అనుమానిస్తారు. కాబట్టి సంచి విప్పాక పొడినంతా దులిపి, రంధ్రాలు మూసి, ఒక పూర్తి వేసవి ఇక్కడే నల్ల కాగితం మీద ఉంచి చూడండి. కాగితం శుభ్రంగా ఉంటే ఆ ఫొటోలు తేదీలతో సహా దాచి, వచ్చే తొలకరి దాటాక పంపండి. ఈలోగా లోపలి మరమ్మతు పట్టీలు ఏమైనా ఉన్నాయేమో కెమెరాతో చూసి, ఆ ఫొటోలు, పొడి ఫొటో ఇక్కడే పెట్టండి. బుర్ర కాగితపు గుజ్జుదా, సొరకాయదా అన్నది కూడా రాయండి, మిగతాది అప్పుడు చెబుతాను.